ఎదురు నూగు

శనివారం సాయంత్రం ప్రార్థన హాల్లో దంపతులకి జరిగే క్లాసుని అందరూ పొదుపు క్లాసంటారు. నడిపేది సంఘంలో పెద్దమనిషి, లెక్కలాయన. పక్కన ఆయన భార్య. ఆయన ఒక పెద్ద కంపెనీలో పద్దులు చూసి చూసి రిటైరయ్యాడు. ఇప్పుడు చూసుకోవడానికి పద్దుల్లేక సంఘంలో వాళ్ల కాపురాలు చూస్తున్నాడు. ఆవిడ ప్రతివారం అదే బూడిదరంగు శాలువా కప్పుకొస్తుంది. అది ఎన్నేళ్ల నాటిదో ప్రతివారం చెబుతుంది. చేతిలో బ్యాగు మాత్రం మారుతూ ఉంటుంది, దాని వయసు ఎవరికీ చెప్పదు.

క్లాసుకో పద్ధతుంది. అప్పు ఎంత పాపమో ముందు లెక్కలాయన చెబుతాడు. తర్వాత ఒక్కో జంటా చేతులు పట్టుకుని లేచి నిలబడి, ఆ వారం ఏ విషయంలో ఏకమనసయ్యారో, దేన్ని మానుకున్నారో చెప్పాలి. మానుకోవడం వల్ల మిగిలిన డబ్బు కవర్లో పెట్టి, హాలు బాగుచేయడానికని పెట్టిన పెట్టెలో వెయ్యాలి. అంటే కడుపు కట్టుకునేది వీళ్లు, నిండేది పెట్టె. మాట్లాడేది మొగుడు, తలూపేది పెళ్లాం. ఆ తలూపుడికే అక్కడ ఏకమనసని పేరు.

ఆ శనివారం ఒక జంట టీలో పంచదార మానేశామన్నారు. ఆయనకెలాగూ షుగరుంది. ఇంకో జంట పేపరు మానేశారు, రోజూ పొద్దున్నే పక్కింటికెళ్లి చదువుకొస్తున్నారు. లెక్కలాయన రెంటికీ కళ్లు మూసుకుని ఒకే రకంగా "ఆమేన్" అన్నాడు.

వంతు మేస్త్రి దాకా వచ్చింది. మేస్త్రిది సోఫాలకీ కుర్చీలకీ గుడ్డ వేసే పని. పని చేస్తున్నంతసేపూ పెదాల మధ్య చిన్న మేకులు పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడుతుంటాడు కాబట్టి బజార్లో మేకుల మేస్త్రి అంటారు. నోట్లో మేకులున్నప్పుడు మాట్లాడడు. మాట్లాడడం మొదలుపెడితే మేకులున్నప్పుడే నయమనిపిస్తుంది. ఆయన గీసిచ్చిన గుడ్డ కోసి, ముక్కలన్నీ కలిపి తొడుగులు కుట్టేది భార్య. ఆమెను సంఘంలో మేస్త్రమ్మ అంటారు, మేస్త్రి పెళ్లామన్న అర్థంలోనే తప్ప ఆమెకో పని వచ్చన్న అర్థంలో కాదు.

ఇద్దరూ చేతులు పట్టుకుని లేచారు. ఈ వారం వీధి దీపం వెలుతురు కిటికీలోంచి పడుతోందని ఇంట్లో ఒక బల్బు మానుకున్నారు. అది చెప్పి కూర్చుంటాడనుకుంది ఆమె. మేస్త్రి చూపు వేదిక మీదికి పోయింది. అక్కడ పాస్టరుగారూ పెద్దలూ కూర్చునే మూడు పెద్ద కుర్చీలున్నాయి. రెగ్జిన్ చిరిగి లోపలి పీచు బయటికొచ్చింది.

"ఆ మూడు కుర్చీలకీ, ముందు రెండు వరసల కుర్చీలకీ వెల్వెట్ వేసిస్తాం. కానుకగా. మేమిద్దరం అనుకున్నాం" అన్నాడు మేస్త్రి.

అనుకున్నామన్న సంగతి ఆమె కూడా అప్పుడే విన్నది. చప్పట్లు మోగాయి. లెక్కలాయన భార్య లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని, "ధన్యురాలివమ్మా, ఇంతమంది మొగుళ్లలో ఒక్కడికైనా తోచిందా" అంది. ఆమె తలూపింది. చేతులు ఆవిడ దగ్గరున్నాయి, తల తప్ప ఊపడానికి ఇంకేం మిగల్లేదు.

క్లాసయ్యాక ఇంటికి బయల్దేరారు. సందు మలుపులో ఆమె ఆగి మోకాలు పట్టుకుంది. పట్టుకోవాల్సినంత నొప్పేం లేదప్పుడు, ఆయన చూడాలని పట్టుకుంది.

"ఎప్పుడనుకున్నామండీ మనం?"

"అలా అనుకోవాలని నాకు అప్పటికప్పుడు తోచింది."

"మీకు తోచింది. కుట్టేది నేను కదా."

"దేవుడి పనే. కూలికి కుట్టడం లేదు కదా?"

"అదే నేనూ అంటున్నాను. కూలి లేదు కదా."

మేస్త్రి నవ్వాడు. ఆమె ఎప్పుడు నిజం చెప్పినా ఆయన సరసమనుకుని నవ్వుతాడు. పెళ్లైన కొత్తలో ఆ నవ్వు బాగుండేది.

*

సోమవారం మేస్త్రి భుజం మీద ఒక తాను మోసుకొచ్చాడు. మెరూన్ రంగు వెల్వెట్. బల్ల మీద దించి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు కాగితం సర్ది, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆమె మిషను మీంచి లేవలేదు. అది కాలితో తొక్కే మిషను. కుడి మోకాలు వాచి రెండేళ్లైంది. డాక్టరు మాత్రలు రాశాడు గానీ అసలు మందు మిషనుకి మోటారు బిగించుకోవడమేనని ఆయనే చెప్పాడు. అప్పట్నుంచి కుట్టుకూలిలో కొంచెం కొంచెం తీసి పక్కన పెడుతోంది. ఎక్కడ పెడుతోందో మేస్త్రికి తెలుసు, ముట్టుకోడు. సోఫాల పొట్టలు కోసినప్పుడు దొరికే చిల్లర కూడా సోఫా వాళ్లకి పట్టుకెళ్లి ఇచ్చే మనిషి. పరాయి డబ్బు ముట్టుకోడు. ఇవ్వాల్సింది తనదో కాదో చూసుకోకుండా ఇచ్చెయ్యడమే ఆయన జబ్బు.

"అరువా?" అంది.

"అరువు కాదు. నెలాఖరుకిస్తానన్న మాట మీద తెచ్చాను."

"దాన్నే అరువంటారండీ."

"కానుక కోసం తెచ్చింది అప్పెలా అవుతుందే? అది విశ్వాసం."

"గుడ్డల కొట్టాయన విశ్వాసం కింద రాసుకున్నాడా, బాకీ కింద రాసుకున్నాడా?"

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. తాను మీది కాగితం మళ్లీ సర్దాడు. సర్దడానికేం లేదక్కడ.

"నెలాఖరుకి పనులొస్తాయి. ఒకవేళ రాకపోతే... నీ మోటారు డబ్బుంది కదా. మళ్లీ కూడబెట్టుకుందాం. మోకాలు ఇన్నాళ్లు ఆగింది."

ఆమె దారం పళ్లతో తెంపింది. ఈ మనిషి రెండో బల్బు వెలిగితే ఇల్లు కాలిపోయినట్టు గోల చేస్తాడు. పీకిన మేకులు పారెయ్యడు, వంకర తిన్నగా చేసి మళ్లీ కొడతాడు. టీ పొడి వడగట్టాక ఇంకోసారి మరగపెట్టమంటాడు. చుక్కచుక్కా కూడబెడతాడు, ఎవరో నలుగురు చూస్తుండగా కుండ బోర్లిస్తాడు. ఒంటరిగా ఉన్నప్పుడు పిసినారి, చప్పట్లు వినబడితే మహరాజు. ఇలాంటి వాడితో ఏకమనసవ్వాలంటే తన మనసు తీసి ఎక్కడ పెట్టుకోవాలని ఆమె ఆలోచించింది. అడిగితే లెక్కలాయన పెట్టెలో వెయ్యమంటాడు.

కుర్చీలు మూడూ మధ్యాహ్నం బండి మీద వచ్చాయి. మేస్త్రి వాటిని తలకిందులు చేసి, అడుగు గుడ్డ చీల్చి, మేకులు పీకడం మొదలుపెట్టాడు. పీకిన ప్రతి మేకునీ డబ్బాలో వేస్తున్నాడు. పాత రెగ్జిన్ ఊడి వచ్చింది, దాని కింద ఇంకో పాత గుడ్డ, దాని కింద కొబ్బరి పీచు పొడైపోయి ఉంది. లోపలి పట్టీలు జారిపోయాయి. పాస్టరుగారు ఇన్నాళ్లూ గాలిలో కూర్చున్నారన్నమాట. మేస్త్రి కొత్త పట్టీలు లాగి, అడ్డం నిలువు అల్లి, ఒక్కోటీ వేలితో మీటి చూసుకున్నాడు. ఆ పని చేసేటప్పుడు ఆయన మొహం మారిపోతుంది. ఎవరి కోసమూ కాకుండా చేసుకుంటున్నట్టు ఉంటుంది. ఆమె అది చూడకుండా తల తిప్పుకుంది. కోపం పాడవుతుందని.

మర్నాడు తాను విప్పి నేల మీద పరిచారు. మేస్త్రి సుద్దముక్కతో ముక్కలు గీస్తున్నాడు. సీటు, వీపు, చేతులు, పక్కలు. మూడు పెద్ద కుర్చీలవీ గీసి, ముందు వరసల వాటికి లెక్కవేసి చూశాడు. గుడ్డ చాలడం లేదు. మళ్లీ చెరిపి గీశాడు. ఈసారి ఒక ముక్క ఇటు తలపెట్టి, దాని పక్క ముక్క అటు తలపెట్టి, ఖాళీ లేకుండా ఇరికించాడు. సరిపోయింది.

"చూశావా, తెలివి" అన్నాడు.

వెల్వెట్‌కి నూగుంటుంది. చేత్తో ఒక వైపుకి నిమిరితే పడుకుంటుంది, ఎదురుగా నిమిరితే లేచి నిలబడుతుంది. పడుకున్న వైపు లేతగా మెరుస్తుంది, లేచిన వైపు ముదురుగా నల్లబడుతుంది. ఒక కుర్చీకి వేసే ముక్కలన్నిటికీ నూగు ఒకే దిక్కున, పైనుంచి కిందికి ఉండాలి. లేకపోతే ఒకే తానులోంచి కోసినా రెండు గుడ్డలతో అతుకు వేసినట్టుంటుంది. ఈ సంగతి ఆమెకు నేర్పిందే మేస్త్రి. కొత్త పెళ్లికూతురి చేయి పట్టుకుని వెల్వెట్ మీద నిమిరించి మరీ నేర్పాడు.

"నూగు తిరగబడుతుందండీ" అంది.

"కొంచెమే."

"కొంచెం కాదు. సీట్లు నల్లగా, వీపులు తెల్లగా వస్తాయి. ఒకే దిక్కున కొయ్యాలంటే ఇంకో సగం తాను కావాలి."

"ఇంకా అరువు తెమ్మంటావా? నువ్వేనా? నిన్నేమో అప్పన్నావు, ఇవాళేమో ఇంకా తెమ్మంటున్నావు."

"తెమ్మనడం లేదు. ముందు వరసలు మానేద్దాం. మూడు కుర్చీలు సరిగ్గా చేసిద్దాం."

"అందరి ముందూ చెప్పిన మాట. ఇప్పుడు తగ్గిస్తే ఏమనుకుంటారు? పొదుపుగా కోద్దాం. పైన కూర్చునేవాళ్లే కదా, నూగు ఎటుంటే వాళ్లకేం?" ఆయన సుద్దముక్క చెవి మీద పెట్టుకున్నాడు. "నేను చెబుతున్నాను కదా. కొయ్యి."

ఇంకోసారి చెప్పొచ్చు. గట్టిగా చెబితే వినే మనిషే, సాయంత్రానికైనా వింటాడు. ఆమె చెప్పలేదు. కత్తెర తీసుకుంది.

"సరేనండీ. మీరెలా అంటే అలాగే" అంది.

ఆ మాటకి మేస్త్రి మొహం వికసించింది. వచ్చే శనివారం చెప్పుకోవడానికి ఒక ఏకమనసు దొరికిందనుకున్నాడు కాబోలు. ఆమె గీతల మీదుగా, ఎక్కడా ఆగకుండా, కరకరా కోసుకుంటూ పోయింది. మూడు కుర్చీల ముక్కలూ కోసింది. శనివారం హాల్లో ట్యూబులైట్ల కింద ఆయన మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటే చేతికి ఎక్కడలేని బలం వచ్చింది. మొగుడి మీద ఇంత అసహ్యం పెట్టుకుని ఇంత నీటుగా ఎవరైనా కోస్తారా అని తనకే ఆశ్చర్యం వేసింది.

తర్వాత మిషను తొక్కింది. అంచులకి పట్టీ మడిచి లోపల తాడు వేసి కుట్టాలి, వెల్వెట్ జారుతుంది, ఒక్కో అంగుళమూ వేలితో నొక్కిపట్టాలి. ఒక్కో కుర్చీ అయ్యేసరికి మోకాలు గిన్నె బోర్లించినట్టు ఉబ్బింది. మేస్త్రి రెండుసార్లు వేడినీళ్ల గుడ్డ తెచ్చి పెట్టాడు. ఆమె థాంక్స్ చెప్పలేదు, వద్దనీ అనలేదు. తొడుగులు తొడిగి, అంచులు లాగి, నోట్లోంచి మేకులు తీసి కొడుతున్నప్పుడు మేస్త్రి ఒకటి రెండుసార్లు ఆగాడు. వెనక్కి జరిగి చూశాడు. గదిలో ఉన్నది ఒక్క బల్బు. ఆ వెలుతుర్లో ఏమీ కనిపించలేదు, లేదా కనిపించనట్టు ఉండాలని నిశ్చయించుకున్నాడు.

*

శనివారం కుర్చీలు ముందే హాలుకి చేరాయి. లెక్కలాయన వేదిక మీద లైట్లన్నీ వేయించాడు. పొదుపు క్లాసులో అన్ని లైట్లు వెయ్యడం అదే మొదటిసారి.

ఆమె వెనక వరసలో కూర్చుని చూసింది. తను అనుకున్నదానికంటే బాగా పాడయ్యాయి. సీట్లు నల్లగా తడిసినట్టున్నాయి. వీపులు వెలిసిపోయినట్టున్నాయి. ఒక కుర్చీకి కుడిచెయ్యి ఒక రంగు, ఎడమచెయ్యి ఒక రంగు. మేస్త్రి వేదిక కింద నిలబడిపోయాడు. ఆయన మెడ వెనక భాగం ఎర్రబడింది. ఇన్నేళ్లలో ఆయన చేతి పని అలా కనబడ్డం ఆమె ఎప్పుడూ చూడలేదు. వారమంతా దీని కోసమే ఎదురుచూసింది. తీరా చూస్తే, తిందామనుకున్నది నోట్లో పెట్టుకున్నాక చల్లారిపోయినట్టుంది.

లెక్కలాయన భార్య వేదికెక్కింది. కుర్చీ చుట్టూ తిరిగింది. ఇప్పుడు తప్పు పడుతుందనుకుంది ఆమె.

"అబ్బా, రెండు షేడ్లు! ఎంత ముచ్చటగా ఉందో చూడండి. బ్రదర్, ఇదేనా ఇప్పుడొస్తున్న డిజైను?"

అందరూ ముందుకి వంగి చూశారు. ముచ్చటగా ఉందన్నారు. పంచదార మానేసినాయన సీటు మీద చేయివేసి మెత్తగా ఉందన్నాడు. పేపరు మానేసినావిడ మా సోఫాకి కూడా ఇలాగే రెండు షేడ్లు వేయించుకుంటామంది. ఒక్కరికి, ఒక్కరికి కూడా అది తప్పని తెలియలేదు. మూడు జన్మలెత్తినా తెలియదు. వీళ్ల కోసమా తను మోకాలు వాచేలా తొక్కింది, వీళ్లేమనుకుంటారోననా ఈయన తాను అరువు తెచ్చింది.

మేస్త్రి అవునండీ డిజైనేనండీ అంటాడని ఆమెకు తెలుసు. చప్పట్లు ఎక్కడుంటే ఆయన అక్కడే. ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఆ మాటతో ఈ మనిషి సంగతి పూర్తిగా తేలిపోతుంది.

"కాదండీ" అన్నాడు మేస్త్రి. "తప్పు జరిగింది. నూగు తిరగబడింది. గుడ్డ మిగల్చాలని నేను అడ్డదిడ్డంగా గీశాను. మా ఆవిడ చెప్పింది, నేను వినలేదు."

 లెక్కలాయన చెయ్యి ఊపాడు.

"దానికంత బాధెందుకు బ్రదర్? ఫ్రీగా వచ్చినదాంట్లో ఇంతకంటే ఎవరడుగుతారు? మాకు నచ్చింది. ముందు వరసలు కూడా ఇలాగే కానిచ్చెయ్యండి. ఈ నెలలో అయిపోవాలి."

మేస్త్రి ఆయన వంక చూశాడు. ఫ్రీ అన్న మాట దగ్గర ఆయన దవడ ఒకసారి కదిలింది, నోట్లో మేకులున్నప్పుడు కదిలినట్టు. తర్వాత వెనక్కి తిరిగి, అన్ని వరసలూ దాటి, ఆమె వైపు చూశాడు.

"కుట్టేది ఆవిడండీ. ఆవిణ్ణి అడగండి" అన్నాడు.

లెక్కలాయన నవ్వాడు. "ఆవిణ్ణి అడిగేదేముంది? ఇంటికి యజమాని మీరు. మీరు సరేనంటే ఆవిడ సరే. పోయిన వారం ఇద్దరూ అనుకున్నామని మీరే చెప్పారు కదా?"

"అబద్ధం చెప్పానండీ. ఆవిణ్ణి అడగలేదు. గుడ్డ కూడా అరువు తెచ్చాను."

క్లాసులో ఎవరో చప్పున నాలిక్కరుచుకున్నారు. లెక్కలాయన మొహం చిట్లించుకున్నాడు. అబద్ధానికి కాదు, ఆ రెండో మాటకి. ఆయన క్లాసులో అరువన్న మాట అలా పచ్చిగా ఎవరూ అనలేదు. అయినా ఆయన మళ్లీ మేస్త్రినే అడిగాడు. "అదంతా తర్వాత మాట్లాడుకుందాం బ్రదర్. ముందు వరసల సంగతేంటి?"

ఆమె లేచింది. చెయ్యి పట్టుకుని పక్కన నిలబడ్డానికి మేస్త్రి దగ్గర లేడు. ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"కుట్టను" అంది.

"అదేంటమ్మా" అంది లెక్కలాయన భార్య శాలువా సర్దుకుంటూ. "దేవుడికి ఇస్తానని నలుగురిలో చెప్పి..."

"నేను చెప్పలేదండీ."

 అనడానికి చాలా ఉంది గానీ, వీళ్లకి చెప్పి దండగ. చెప్పులేసుకుని బయటికొచ్చింది. ఎవరో ప్రార్థన మొదలుపెట్టారు, చిన్నబోయినప్పుడు వాళ్లు చేసే పని అదే. మేస్త్రి ఆమె వెనకాలే వచ్చాడు.

సందులో ఇద్దరూ నెమ్మదిగా నడిచారు. మోకాలు నిజంగానే నొప్పిగా ఉంది. ఆమె ఏమీ పట్టుకోలేదు. ఆయనే చెయ్యి అందించాడు. కొంచెంసేపు చూసి పట్టుకుంది.

"నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. కావాలనే కోశాను" అంది.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నువ్వు కోసేటప్పుడు మూలల దగ్గర ఆగుతావు. ఆ రోజు ఆగలేదు."

"తెలిసీ ఊరుకున్నారా?"

"ఆపితే నువ్వు చెప్పిందే నిజమని ఒప్పుకోవాలి కదా." మేస్త్రి ముక్కు తుడుచుకున్నాడు. "రెండు షేడ్లంట. ఇప్పుడొస్తున్న డిజైనంట."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. పేపరు మానేసినావిడ సోఫా గుర్తొచ్చి ఇంకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఈసారి ఆయన నవ్వింది ఆమె మీద కాదు. అంతమంది మంచివాళ్లని అంత హీనంగా చూడ్డం క్రైస్తవ ధర్మం కాదని ఇద్దరికీ తెలుసు. ఇల్లు చేరేదాకా ఆపలేదు.

ఇంట్లో లెక్క తేల్చుకున్నారు. పోట్లాడుకునే తేల్చుకున్నారు. మూడు కుర్చీలూ తెప్పించి విప్పాలి, నూగు సరిచేసి మళ్లీ వెయ్యాలి. అది ఆమె మాట. ఆ హాలువాళ్ల కోసం కాదు, అలాంటి పని బజార్లో తమ పేరు మీద తిరగకూడదు. దానికి కావలసిన గుడ్డ ఉంచుకుని, మిగతా తాను వాపసిచ్చెయ్యాలి. ఉంచుకున్నదానికీ పాడైనదానికీ బాకీ కట్టాలి. మోటారు డబ్బు ముట్టుకోవద్దని మేస్త్రి పట్టుబట్టాడు. వాయిదా వేస్తే కొట్టాయన దగ్గర తలొంచుకోవాలి, కొంత తీస్తానని ఆమె పట్టుబట్టింది. చివరికి సగానికి ఆమె డబ్బు, మిగతా సగానికి కొట్టాయన ఇంట్లో సోఫాకి మేస్త్రి చేతి పని అని తేలింది. అలా చేస్తే మోటారు ఇంకో రెండు నెలలు వెనక్కి పోతుంది. ఆ రెండు నెలలూ ఎవరెంత తొక్కాలన్నది కూడా మాట్లాడుకున్నారు. మిషను తొక్కడం మేస్త్రికి రాదు. నేర్చుకుంటానన్నాడు. ఆమె నమ్మలేదు, కానీ సరేనంది.

సోమవారం ఇద్దరూ కొట్టుకి వెళ్లారు. తాను మేస్త్రి భుజం మీదుంది. ఆమె పక్కన కుంటుకుంటూ నడిచింది. కొట్టులో రద్దీగా ఉంది. కొట్టాయన ఇంకెవరికో కర్టెన్ గుడ్డ కొలుస్తూ, తాను చూసి కనుబొమలెత్తాడు.

"ఏంటి మేస్త్రీ, వాపసా? హాలంతా వెల్వెట్ చేసేస్తానన్నావుగా?"

"అవునండీ. చేస్తానన్నాను."

"మరేమైంది?"

"మా ఆవిడ ఒప్పుకోలేదండీ."

కొట్టాయన గజం కర్ర అలాగే పట్టుకుని కర్టెన్లవాళ్ల వంక చూశాడు. వాళ్లు నవ్వారు. ఆయన కూడా పెద్దగా నవ్వి, "ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలిసిందిలే" అన్నాడు. మేస్త్రి మెడ వెనక ఎర్రబడుతుందేమోనని ఆమె చూసింది. ఎర్రబడలేదు. రద్దీలో సరిగా వినబడలేదనుకున్నాడేమో, తాను బల్ల మీద దించి, ఇంకొంచెం గట్టిగా మళ్లీ చెప్పాడు.

"నేనడక్కుండా మాటిచ్చానండీ. కుట్టేది ఆవిడ. కుట్టనంది. అందుకని తెచ్చేశాను."

ఎవరూ నవ్వలేదీసారి. కొట్టాయన గుడ్డ లాగి కొలవడం మొదలుపెట్టాడు. గబగబా కొలుస్తున్నాడు, ప్రతి గజం దగ్గరా వేలెడు గుడ్డ లెక్కలోకి రాకుండా జారుస్తున్నాడు. ఆమె చెయ్యి చాపి గజం కర్ర అందుకుంది.

"ఇలా ఇవ్వండి, నేను కొలుస్తాను" అంది.